అంబాసిడర్‌లో లేని చప్పుడు

కారు అమ్మి నెల తిరగకముందే, కొన్నవాడు దాన్ని తెచ్చి సూర్యాపేటలో మా గేటుకు అడ్డంగా నిలిపాడు. కిందికి దిగలేదు. లోపలే కూర్చుని హారన్ మీద పెట్టిన చేయి తీయలేదు. నేను లుంగీ సర్దుకుంటూ బయటికి వచ్చేసరికి బానెట్ మీద వాడిపోయిన బంతిపూల దండ, బంపర్‌కు సగం ఊడి వేలాడుతున్న జరీ టేపు. ఏళ్ళ తరబడి తుడిచి తుడిచి చూసుకున్న నా తెల్ల అంబాసిడర్ అలా కనిపించేసరికి, అతను నోరు తెరవకముందే నాకు కోపం వచ్చింది.

అది బాగా పాత బండి. గేరు రాడ్డు కింద కాకుండా స్టీరింగ్ పక్కన ఉండే రకం. నేను మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో ఫిట్టర్‌గా పనిచేసే రోజుల్లో మా సేటు దాన్ని వాడేవాడు. ఆయన కొత్త కార్లకు మారాక అది మిల్లు వెనక ఊక కుప్ప పక్కన ఎండకు ఎండి వానకు తడుస్తుంటే, చూడలేక అడిగి తెచ్చుకున్నాను. ఇంజను నేనే విప్పాను, నేనే బిగించాను. మిల్లు మానేసి సూర్యాపేటలో ఇల్లు కట్టుకున్నాక కూడా దాన్ని వదల్లేదు. చివరికి నా భార్య పోరు పడలేక అమ్మాను. కారు నిలిపే జాగాలో షటర్ వేస్తే టైలర్‌కో, మొబైల్ షాపువాడికో కిరాయికి ఇవ్వచ్చని ఆమె ఆలోచన.

కొన్నతనిది కోదాడ. నలభై ఏళ్ళుంటాయేమో. పెళ్ళిళ్ళకు టెంట్లు వేయడం, మండపాలు అలంకరించడం అతని పని. ఈ మధ్య పెళ్ళికొడుకులకు పాత కారులో ఊరేగడం మోజు అయిందట, ఫొటోలు బాగా వస్తాయట. అందుకు కొన్నాడు. కొన్నరోజు నన్ను బాబాయ్ గారూ అని పిలిచాడు, మా ఇంట్లో చాయ్ తాగాడు. ఇప్పుడు కారు దిగుతూ చెప్పులు విదిలించిన తీరు చూస్తే ఆ చాయ్ కూడా కక్కేసేలా ఉన్నాడు.

"ఏంటండీ ఇది? బండికి ఏ రోగమూ లేదని చెప్పే కదా అంటగట్టారు?"

"ఏమైంది? జర మెల్లగ మాట్లాడు. బజార్ల ఉన్నం."

"బజారులో నిలబెట్టింది మీరు నన్ను! మొన్న కోదాడలో ఊరేగింపు. బండి నడక కంటే నిదానంగా పోవాలి కదా, కాలు క్లచ్ మీదే ఉంటుంది. తొక్కిన ప్రతిసారీ కుక్కపిల్ల తోక తొక్కినట్టు కీచుమని అరుపు. బ్యాండువాళ్ళు సన్నాయిలో అదే అరుపు వాయించి నవ్వించారండీ జనాన్ని. పెళ్ళికూతురి మేనమామ వచ్చి, పెళ్ళికొడుకుని దించి వేరే కారెక్కించాడు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

ఆ మాటల్లో సగం నేను పట్టుకోలేదు. కోదాడవాళ్ళ మాట ఎప్పుడూ నాకు అంతే, ఆంధ్రా గాలి తగిలి తేలికగా జారిపోతుంది. పట్టుకున్న సగం చాలు.

"నేనిచ్చినప్పుడు అండ్ల ఏ సప్పుడు లేదు. నడపరాక నువ్వే ఏదో చేసినవ్. చేసి, పొద్దుగాల్నే నా ఇంటి మీదికి వచ్చినవ్."

"అయితే రండి. మీరే కూర్చోండి. మీరే స్టార్ట్ చేసి మీరే క్లచ్ తొక్కండి."

కూర్చున్నాను. స్టార్ట్ చేసి క్లచ్ తొక్కాను. ఇంజను ఎప్పటిలాగే గంభీరంగా గుర్రుమంటోంది. అతను కిటికీ దగ్గర వంగి, వేలు చూపిస్తూ, "ఇదిగో! ఇదే!" అన్నాడు.

"ఏది?"

"ఏదా?"

మళ్ళీ తొక్కాను, వదిలాను, తొక్కాను. అతను చెవులు మూసుకున్నాడు. ఇంత బాగా నటించేవాణ్ణి నేను అప్పటిదాకా చూడలేదు అనుకున్నాను.

"ఏం లేదు," అన్నాను. "నా జిందగీ అంత మిషన్ల నడుమనే పోయింది. సప్పుడంటే ఏందో నువ్వు నాకు నేర్పుతవా?"

అది గొప్పకు అన్న మాట కాదు. మిల్లులో బెల్టు జారినా, బేరింగ్ ఎండినా, పాలిష్ మిషన్‌లో రాయి పడినా ముందు నాకే తెలిసేది. నడిరాత్రి నన్ను లేపి తీసుకెళ్ళేవారు. గేటు దగ్గరే ఆగి, విని, ఫలానా మిషన్ ఆపమని చెప్పేవాణ్ణి. ఆ మిల్లులో సేటు తర్వాత నా మాటకే విలువ. అలాంటివాణ్ణి పట్టుకుని, పందిట్లో గుడ్డలు కట్టేవాడొకడు నాకు శబ్దం వినిపిస్తానంటాడా?

"అబద్ధానికైనా ఒక హద్దుండాలి పెద్దాయనా," అన్నాడు అతను.

నా చేయి అతని చొక్కా దాకా వెళ్ళింది. నా భార్య గబగబా మెట్లు దిగి నడుమకు వచ్చింది. ఆమె నా మోచేయి పట్టుకుని ఏదో చెప్పబోయింది.

"ఇగో, ఆ పిలగాడు అనేది జర..."

"నువ్వు లోపటికి నడువు."

ఆమె నన్ను ఒకసారి, కారును ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. తలుపు గట్టిగానే వేసి ఉంటుంది, గోడకున్న క్యాలెండర్ ఊగడం కిటికీలోంచి కనిపించింది.

చివరికి మిర్యాలగూడ వెళ్దామన్నది నేనే. మిల్లు రోజుల నుంచి నాకు తెలిసిన మెకానిక్ అక్కడ ఉన్నాడు. ఇలాంటి బండ్లు విప్పి బిగించడంలో అతనికి సాటి లేదు. సూర్యాపేటకు వచ్చాక బండి అతని దగ్గరికి తీసుకుపోక చాలా రోజులైంది గానీ, ఫోన్లో మాట్లాడుతూనే ఉంటాను.

"మీ మనిషి మీ మాటే చెప్తాడు," అన్నాడు కోదాడ అతను.

"నీకు భయమైతే ఇంటికి పో."

తాళం చేతికి తీసుకోబోయాను. ఇవ్వలేదు. "బండి ఇప్పుడు నాది. పక్కన కూర్చోండి," అన్నాడు.

ఆ కారు నా చేతికి వచ్చాక దాంట్లో ఎడమ పక్కన కూర్చోవడం అదే మొదటిసారి. పెన్‌పహాడ్ దారిలో పోతున్నంతసేపూ అతను బండి నడిపే తీరు చూసి పళ్ళు నూరుకుంటూనే ఉన్నాను. గేరు మార్చిన ప్రతిసారీ తల తిప్పి నా మొహంలోకి చూసేవాడు. కనుబొమ్మలు ఎగరేసేవాడు. ఏముందని ఆ చూపు? నేను కిటికీలోంచి బయటికి చూసేవాణ్ణి.

వరికోతలు అయిపోతున్న రోజులు. రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి, రాళ్ళు అడ్డం పెట్టి ఉన్నాయి. మిగిలిన సగంలో ట్రాక్టర్లు, కోత మిషన్లు. బండి నత్తలా పాకింది. అతను క్లచ్ తొక్కుతూ, వదులుతూ, నా వైపు తిరిగి అరవడం మొదలుపెట్టాడు.

"ఇప్పుడు? ఇప్పుడు చెప్పండి! ఇంకా వినపడలేదంటారా?"

"ముందు సూసి నడుపు."

ఆరబోసిన వడ్లు కాళ్ళతో నెరుపుతున్న ఒక ఆడమనిషి పని ఆపి మా కారు వైపు చూసింది. పక్కనున్న ఆమెకు ఏదో చెప్పింది. ఇద్దరూ నవ్వారు. బానెట్ మీద ఆ ఎండిన పూలదండ చూసే నవ్వారని నాకు ఒళ్ళు మండింది.

"ఆ దండ తీసి పారెయ్యరాదు? నలుగురు నవ్వుతున్నరు."

అతను నోరు తెరిచి నన్ను చూశాడు. స్టీరింగ్ మీద అరచేత్తో కొట్టాడు. ఆ తర్వాత మిర్యాలగూడ దాకా ఇద్దరు పగవాళ్ళం ఒకే సీటు మీద, మోకాళ్ళు తగలకుండా దూరం జరిగి కూర్చుని, ఒకే అద్దంలోంచి ఒకే రోడ్డు చూస్తూ పోయాం. మనసులో మాత్రం నేను గెలిచిపోయి ఉన్నాను. మెకానిక్ చూస్తాడు, ఏమీ లేదంటాడు, ఇతని మొహం మాడిపోతుంది. ఆ మాడిన మొహానికి ఏం మాట అనాలో కూడా సిద్ధం చేసుకున్నాను.

మెకానిక్ షెడ్డు ఊరి చివర, దామరచర్ల వైపు పోయే రోడ్డు మీద ఉంటుంది. పవర్ ప్లాంటు లారీలు పోతూ వస్తూ ఉంటే ఆ రేకుల షెడ్డు అస్తమానం వణుకుతూనే ఉంటుంది. మా బండి షెడ్డు ముందు మలుపు తిరగ్గానే మెకానిక్ ఒక జీపు కింది నుంచి బయటికి జరిగి లేచి నిలబడ్డాడు. మేమింకా దిగనే లేదు.

"ఏందన్నా, క్లచ్ బేరింగ్ గింతగనం మొత్తుకుంటుంటే గట్లనే తోలుకొచ్చినవ్?" అన్నాడు నాతో.

కోదాడ అతను దిగి, కారుకు ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. ఆ కట్టుకోవడం చూసి నాకు అంతా అర్థమైందనుకున్నాను. నేను లుంగీ మార్చుకుని ప్యాంటు వేసుకుని వచ్చేలోపు ఇతను ఫోన్ చేసి ఉంటాడు. మెకానిక్ నంబర్ కారు అద్దం మీద స్టిక్కర్‌లో ఉండనే ఉంది.

"ఎంత ఇచ్చిండు నీకు?" అన్నాను.

"ఏంది?"

"ఈయన నీకు ఎంత ఇస్తనన్నడు, గిట్ల చెప్పమని?"

మెకానిక్ చేతిలోని గుడ్డ కింద పడేశాడు. ఎన్నో ఏళ్ళ స్నేహం మాది. మా పిల్లల పెళ్ళిళ్ళకు అతను, అతని ఇంట్లో కార్యాలకు నేను. అతని మొహం నల్లబడటం కళ్ళారా చూశాను. చూసి కూడా వెనక్కి తగ్గలేదు.

"అన్నా, మాట జారకు. నీ తిండి తిన్నోణ్ణి కాబట్టి ఊకుంటున్న. ఆ పిలగాడెవడో నాకు తెల్వనే తెల్వదు."

"అయితే ఇద్దరు ఒక్క తీరుగ ఎట్ల చెప్తున్నరు?"

"ఇద్దరికి ఒక్క తీరుగ ఇనవడుతుంది గనుక!"

నాకు అప్పుడు ఒక ఉపాయం తట్టింది. దొంగలను విడదీసి అడిగితే మాట తేడా వస్తుందని మా సేటు అనేవాడు. నేను ఇద్దరినీ చెరో పక్కకు పొమ్మన్నాను. కోదాడ అతన్ని రోడ్డు వైపు మొహం పెట్టి నిలబడమన్నాను. మెకానిక్‌ను షెడ్డు గోడ వైపు తిరగమన్నాను. ఇద్దరి వీపులూ కారు వైపే ఉండాలి, ఒకరికొకరు కనిపించకూడదు.

"నేను స్టార్ట్ చేస్త. మీరనే ఆ సప్పుడు వచ్చినప్పుడు చెయ్యి లేపున్రి. బంద్ అయితే దించున్రి. ఎన్కకు తిరగొద్దు. ఎవడు దొంగనో ఇప్పుడే తేలిపోతది."

"ఇదేం ఖర్మండీ," అన్నాడు కోదాడ అతను. అయినా వెళ్ళి నిలబడ్డాడు. మెకానిక్ నా వైపు చూడకుండా గోడ వైపు తిరిగాడు.

ఇంజను స్టార్ట్ చేశాను. బండి న్యూట్రల్‌లో ఉంది. క్లచ్ ముట్టుకోలేదు. వాళ్ళిద్దరి చేతులూ కిందనే ఉన్నాయి.

క్లచ్ తొక్కాను. రెండు చేతులూ లేచాయి.

వదిలాను. రెండూ దిగాయి.

మొదటిసారి కాకతాళీయం అనుకున్నాను. రెండోసారి క్లచ్ వదిలేసి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాను. ఇంజను రంకె వేసింది. ఆ రంకె నాకూ వినిపించింది. ఒక్క చేయీ లేవలేదు. ఇంజను నెమ్మదించాక ఆగి, వాళ్ళ ఓపిక నశించేదాకా ఆగి, మెల్లగా పాదం పెట్టి క్లచ్ కొంచెం నొక్కాను. కోదాడ అతని చేయి భుజం దాకా వచ్చి ఆగింది, మెకానిక్ చేయి కూడా అంతే, వస్తోందా లేదా అన్నట్టు. పూర్తిగా తొక్కాను. రెండూ పైకి లేచాయి.

అప్పుడు నాకు పిచ్చి పట్టినట్టయింది. గబగబా తొక్కి వదిలాను. తొక్కి పట్టుకున్నాను. తొక్కబోయి ఆగాను. వాళ్ళను ఎక్కడో ఒకచోట పట్టుకోవాలి, ఒక్క చేయి అయినా తప్పు లేవాలి. లేవలేదు. ఒకడు కోదాడవాడు, ఒకడు మిర్యాలగూడవాడు, ఒకడు రోడ్డును చూస్తున్నాడు, ఒకడు గోడను చూస్తున్నాడు. నా కాలు కదిలితే ఇద్దరి చేతులూ కదులుతున్నాయి. కారులో కూర్చున్న నాకు మాత్రం ఇంజను ఒకే తీరుగా గుర్రుమంటోంది. ఇంకేమీ లేదు.

క్లచ్ తొక్కి పట్టుకున్నాను. ఈసారి వాళ్ళను చూడలేదు. చెవులు రిక్కించాను. కళ్ళు మూసుకున్నాను. మిల్లు గేటు దగ్గర నిలబడి వినేవాణ్ణే, అలా విన్నాను. పాదం కింద, పెడల్‌లో, సన్నటి వణుకు. తేలు కుట్టిన మంట దిగిపోయాక మిగిలే తిమ్మిరిలాంటిది. అంతకుముందు చాలాసార్లు తెలిసిందే అది, కాలికి తిమ్మిరి పడుతోందని సరిపెట్టుకున్నాను. పాదం తీస్తే పోయింది. పెడితే వచ్చింది. చప్పుడు నిజమే. అది నా కాలి దాకా వచ్చింది గానీ చెవి దాకా రాలేదు.

ఇంజను ఆపేశాను. కళ్ళు తెరిచేసరికి ఇద్దరూ ఇటు తిరిగి ఉన్నారు. కోదాడ అతను కిటికీ దగ్గరికి వచ్చి ఏదో అడిగాడు. పెదాలు కదిలాయి.

"ఏంది?" అన్నాను.

మళ్ళీ అడిగాడు.

"గట్టిగ చెప్పు!"

"చెవుడా అని అడుగుతున్నానండీ!" అని అరిచాడు. పక్కన టైర్ల షాపులో మనుషులు కూడా ఇటు చూశారు.

కారు దిగి కొట్టాలనిపించింది. నిజంగా అనిపించింది. కానీ ఎవరిని కొట్టాలో తెలియలేదు. సీట్లోనే కూర్చుండిపోయాను. మెకానిక్ వచ్చి అవతలి డోరు తీసి నా పక్కన కూర్చున్నాడు. నా మాటకు అతను ఇంకా మండిపడుతూనే ఉన్నాడు, నా మొహం మాత్రం చూడలేకపోయాడు.

"ఎప్పటి నుంచన్నా?"

"నాకేం తెల్సు?"

"ఫోన్ చేస్తే నీ ముచ్చట నువ్వు చెప్పుకుంటనే పోతవ్. నేనొకటడిగితే నువ్వొకటి చెప్తవ్. పెద్దోడివైనవ్, నీ పద్ధతే గంత అనుకున్న. చెవులని నేననుకోలె."

తిట్టి ఉన్నా అంత నొప్పి ఉండేది కాదు. నా చెవుడును ఇతను ఇన్నాళ్ళూ నా పొగరు అనుకున్నాడు. పొగరుబోతునే, కాదనను. కానీ ఏది పొగరో ఏది చెవుడో ఇప్పుడు నాకే తెలియడం లేదు.

గేర్‌బాక్స్ దించేసరికి మధ్యాహ్నం దాటింది. అరిగిన బేరింగ్‌ను మెకానిక్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. అందులో నల్లటి బొగ్గు రింగు ఒకటి ఉంటుంది, క్లచ్ తొక్కినప్పుడు తిరిగే పళ్ళానికి అదే ఆనాలి. ఆ రింగు పూర్తిగా అరిగిపోయి, ఇనుముకు ఇనుము రాసుకుని, అంచు వెండిలా మెరుస్తోంది. ఇది ఒక్క ఊరేగింపులో అయ్యే అరుగుడు కాదు. నేను నడిపిన రోజుల్లోనే మొదలైంది. బండిలో చప్పుడు ఉండగానే అమ్మాను, లేదని ఒట్టేసి మరీ అమ్మాను.

ఆ మాట కోదాడ అతనితో అనాలా వద్దా అని చూస్తుండగానే అతనే అన్నాడు.

"బండిలో దాచారనుకున్నా. చెవిలో దాచుకున్నారన్నమాట."

"తెల్సి అమ్మలేదు నేను."

"తెలిసి అమ్మినా తెలియక అమ్మినా పోయింది నా పరువేగా. వినపడనివాళ్ళు మిషన్ల గురించి ఒట్లు వేయకూడదండీ."

తప్పేం లేదు ఆ మాటలో. అందుకే అతనంటే అంత అసహ్యం వేసింది. పాత సామాన్లలోంచి మెకానిక్ ఒక బేరింగ్ వెతికి బిగించాడు. ఖర్చు నేనే పెట్టుకున్నాను, కోదాడ అతను వద్దనలేదు. సాయంత్రం కారు తీసుకుని, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ పోతానని, సూర్యాపేట తనకు చుట్టు అని చెప్పి, నన్ను రోడ్డు మీద వదిలి వెళ్ళిపోయాడు. పూలదండ మాత్రం తీసి షెడ్డు ముందు పారేశాడు. మెకానిక్ నాకు చాయ్ తెప్పించాడు గానీ పక్కన కూర్చుని తాగలేదు. ఎంత ఇచ్చిండు అన్న మాటను వెనక్కి తీసుకోవాలని ఉంది. దానికి తగిన మాట దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు. అతని దగ్గరి నుంచి ఇప్పుడు ఫోన్లు రావు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. కండక్టర్ నా భుజం తట్టి, విసుగ్గా, "ఎన్నిసార్లు అడగాలె?" అన్నాడు. నిన్నటి దాకా అయితే, నోట్లో నములుతూ అడిగితే ఎవడికి వినిపిస్తదని నేనే గొడవ పెట్టుకునేవాణ్ణి. ఇప్పుడు ఊరి పేరు చెప్పి టికెట్ తీసుకున్నాను. ముందు సీట్లో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. వాళ్ళ పెదాలు చూస్తూ కూర్చున్నాను. మాటలు వస్తున్నాయి గానీ అంచులు లేకుండా వస్తున్నాయి, మట్టిలో ముంచి తీసినట్టు. ఎప్పుడూ ఇలాగే ఉండేవి. లోకమంతా సోమరిగా గొణుగుతోందని, సరిగ్గా మాట్లాడటం ఎవరికీ చేతకాదని, ఏళ్ళుగా అందరినీ తిడుతూ వచ్చాను.

ఇంటికి వచ్చేసరికి నా భార్య కూరగాయలు కోస్తోంది. చెప్పులు విడవకుండానే అడిగాను.

"కారు క్లచ్ తొక్కితే సప్పుడు వస్తుండెనా?"

ఆమె కత్తిపీట పక్కకు జరిపింది. నా మొహంలోకి చూస్తూ, ఒక్కొక్క మాట గట్టిగా చెప్పింది.

"ఏడాది సంది మొత్తుకుంటున్న. నువ్వు గేట్లకెల్లి కారు తీస్తుంటే పక్కింటోళ్ళు వాకిట్లకు వస్తుండిరి. చెప్తే నాకు మిషన్ల గురించి నేర్పకు అన్నవ్. పొద్దుగాల ఆ పిలగాడు వచ్చినప్పుడు అదే చెప్పవోతే లోపటికి నడువు అన్నవ్."

"చెవులు ఇనవడ్తలేవని ఎందుకు చెప్పలే మరి?"

"చెప్పలేదా? టీవీ సప్పుడు తగ్గియ్యమంటే నాతోని పంచాయితి పెట్టుకోలేదా? దవాఖానకు పోదామంటే, నీకే మాట్లాడరాదు అనలేదా? ఇంకెట్ల చెప్పాలె, డప్పు కొట్టి చెప్పాల్నా?"

ఆ రోజు అన్నం తినలేదు. కోపం ఎవరి మీదో చెప్పలేను. ఆమె మీద, కోదాడవాడి మీద, మెకానిక్ మీద, గోడ మీద. కొన్ని వారాలు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. షటర్ పని మొదలైంది. మేస్త్రీ అడిగినదానికి నేను వేరే జవాబు చెప్తే, అతను నన్ను వదిలి నా భార్యను అడగడం మొదలుపెట్టాడు. ఆ రోజు చొక్కా వేసుకుని నేనే దవాఖానకు పోయాను.

చెవుల పరీక్ష చేసింది ఒక డాక్టరమ్మ. చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు తొడుగులు పెట్టి, శబ్దం వినిపించినప్పుడు బటన్ నొక్కమంది. అద్దం అవతలి నుంచి ఆమె నన్ను చూస్తోంది. నేను నొక్కాను కొన్నిసార్లు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు. ఆమె వేళ్ళు మాత్రం మిషన్ మీద కదులుతూనే ఉన్నాయి. అంటే శబ్దాలు వస్తూనే ఉన్నాయన్నమాట. ఊరికే నొక్కేద్దామా అని ఒక క్షణం అనిపించింది.

లావు చప్పుళ్ళు వినిపిస్తున్నాయని, సన్నవి పూర్తిగా పోయాయని చెప్పింది. పోయినవి తిరిగి రావట.

"మిల్లులో పని చేసేటప్పుడు చెవులకు ఏమైనా పెట్టుకునేవారా?"

"లేదమ్మా."

దూది పెట్టుకునే హమాలీలు ఉండేవారు. వాళ్ళను చూసి నవ్వేవాణ్ణి. చెవులు మూసుకుంటే మిషన్ మాట ఎలా వింటారని. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. బయటికి వచ్చాక మాత్రం మిల్లు మీద, సేటు మీద, నా చెవులను మెచ్చుకున్న ప్రతి ఒక్కడి మీద పట్టలేని కోపం వచ్చింది. నా చెవి మీద ఆధారపడి వాళ్ళ మిషన్లు బతికాయి. ఆ మిషన్లే దాన్ని తిన్నాయి.

చెవి మిషన్ పెట్టుకున్నాను. అది పెట్టుకున్న మొదటి రోజు లోకం మరీ దుర్మార్గంగా వినిపించింది. పేపర్ మడిస్తే గుండ్రాళ్ళు దొర్లినట్టు, స్టీలు గ్లాసు పెడితే నెత్తి మీద సుత్తితో కొట్టినట్టు. పిచ్చుకలు ఇంత గోల చేస్తాయని మర్చిపోయాను. తీసి పారేద్దామని చేయి పైకెత్తాను కూడా.

అప్పుడు వంటింట్లో నా భార్య ఫోన్లో తన చెల్లెలితో మాట్లాడుతోంది. ఎదురుగా గడప మీద నేను కూర్చునే ఉన్నాను. ఆమె గొంతు తగ్గించనైనా లేదు. తగ్గించడం అవసరం లేదని ఏళ్ళ కిందటే అలవాటైపోయి ఉంటుంది.

"ఏం జేస్తడు? గడప మీద గూబ లెక్క కూసున్నడు. మాట ఇనడు, చెప్తే ఎక్కది. వీనితోని ఏగి ఏగి నా పానం పోతుంది చెల్లె. మొన్నటికి మొన్న మేస్త్రీ ముంగట..."

"ఇనవడ్డది," అన్నాను.

ఆమె ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని బిగుసుకుపోయింది. నా చెవి వెనక ఉన్న మిషన్‌ను అప్పుడు చూసింది. అవతలి నుంచి చెల్లెలు హలో హలో అంటున్న సన్నటి గొంతు కూడా నాకు వినిపించింది. నా భార్య భయపడుతుందని, మాట మారుస్తుందని అనుకున్నాను.

"ఇనవడనియ్," అంది. "మంచిగనే అయింది."

ఫోన్‌లో ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే మళ్ళీ అందుకుంది. ఈసారి నా వైపు తిరిగి చెప్పింది.